ఆచార్యుని మితభాషణం

తెలిసినదంతా చెప్పగలగడం పాండిత్యం. చెప్పదగినంత చెప్పి ఆగగలగడం ఆచార్యత్వం. ఈ భేదం లోకానికి కొత్తగా తెలియజేయవలసినది కాదు, ఎప్పుడో తెలిసి క్రమంగా మరపున పడినది. విద్యను మించిన దానం లేదని తరతరాలుగా వల్లిస్తూ వచ్చిన మనుష్యులు, ఆ దానానికి పూర్వులు విధించిన నియమాలను మాత్రం జారవిడుచుకున్నారు. పాత్రత నెరిగి ఇవ్వవలెనన్నారు. కాలం నెరిగి ఇవ్వవలెనన్నారు. గ్రహించువాని శక్తిని మించి ఇవ్వరాదన్నారు. దానం ఘనంగా సాగుతూనే ఉంది, నియమాలే మరుగున పడ్డాయి. తత్ఫలితంగా బోధించే నోళ్లు అసంఖ్యాకమయ్యాయి. బోధ భారంతో వంగిపోయిన విద్యార్థులూ అసంఖ్యాకమయ్యారు.

శరీరాన్ని సాధనంగా చేసుకొనే విద్యలలో ఈ సత్యం మరింత స్ఫుటంగా గోచరిస్తుంది. గోల్ఫ్ అనే క్రీడను పరిశీలించండి. విశాలమైన పచ్చికబయలులో పద్దెనిమిది చోట్ల అమర్చిన చిన్న గుంటలలోకి ఒక చిన్న బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బలతో చేర్చడమే ఆ ఆటలోని సర్వస్వం. బంతిని ఎవరూ విసరరు. అది నిశ్చలంగా నేలమీద వేచి ఉంటుంది. దెబ్బకు అడ్డుపడే ప్రత్యర్థి లేడు. కర్రను వెనుకకు ఎత్తి, ముందుకు దించి, బంతిని తాకే కార్యమంతా రెప్పపాటులో ముగుస్తుంది. దానికి ముందు మనస్సుకు దొరికే అవకాశం మాత్రం అపారం. ఆ అవకాశంలోనే గతించిన దెబ్బ గురించిన పశ్చాత్తాపం, రానున్న దెబ్బ గురించిన అత్యాశ, చూసేవారి గురించిన లజ్జ ఒకదాని వెంట ఒకటి ప్రవేశిస్తాయి. అరిషడ్వర్గానికి ఇంతకంటె అనుకూలమైన క్షేత్రం దొరకడం దుర్లభం. చేతులకు నేర్పుతున్నాననుకొనే శిక్షకుని ఎదుట నిజానికి నిలిచి ఉండేది మనస్సు.

అటువంటి విద్యకు ఆచార్యుడై తొంభై ఏళ్లు జీవించిన హార్వీ పెనిక్ 1904 అక్టోబరులో అమెరికా దేశపు టెక్సస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో జన్మించారు. ఎనిమిదవ ఏట, ఇతరుల కర్రల సంచిని భుజాన మోసే క్యాడీగా ఆస్టిన్ కంట్రీ క్లబ్బులో అడుగుపెట్టారు. 1923లో, ఇరవై ఏళ్లు నిండకముందే, ఆ క్లబ్బుకే ప్రధాన శిక్షకులయ్యారు. 1971 వరకు ఆ పదవిలో ఉండి, పిమ్మట దానిని కుమారుడు టిన్స్‌లీకి అప్పగించి కూడా నేర్పడం మానలేదు. 1931 నుంచి 1963 వరకు టెక్సస్ విశ్వవిద్యాలయపు పురుషుల జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆయన జీవితకాలంలోనే క్లబ్బు రెండుసార్లు స్థలం మారింది. నగరం ఎల్లలు దాటి పెరిగింది. హికరీ కొయ్యతో చేసిన కర్రలు పోయి ఉక్కు కర్రలు వచ్చాయి. శిష్యులుగా వచ్చిన పిల్లలు పెరిగి తమ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చారు. ఇన్ని మార్పుల నడుమ ఆయన ఒకే నగరంలో, ఒకే సంస్థలో, ఒకే పనిలో నిలిచి ఉన్నారు. స్థానం మారితే గాని ఉన్నతి లేదని నమ్మే కాలానికి ఇది స్తబ్ధతగా తోచవచ్చు. స్థిరత్వాన్ని స్తబ్ధతగా పొరబడడం కూడా మరపులోని భాగమే.

యౌవనంలో ఆయనకూ పోటీల్లో గెలవాలన్న కాంక్ష ఉండేది. 1930లలో ఒకసారి హ్యూస్టన్‌లో జరుగుతున్న పోటీకి వెళ్లి, సాధన చేసుకుంటున్న శామ్ స్నీడ్ అనే యువకుడు బంతిని కొట్టడం చూశారు. చూడడం కంటె ముందు విన్నారనాలి. తుపాకి పేలినట్టు వినవచ్చిన ఆ ధ్వనిలోనే తన శక్తికి అవధి ఎక్కడుందో ఆయనకు అర్థమయింది. అటువంటి దెబ్బ తన చేతికి ఎన్నటికీ రాదని గ్రహించి, తన మార్గం ఆడడం కాదు, నేర్పడమని నిశ్చయించుకున్నారు. పరధర్మం ఎంత ఆకర్షణీయమైనా స్వధర్మమే శ్రేయస్కరమని విననివారు మన దేశంలో లేరు. అయితే ఆ వాక్యాన్ని వినడం సులభం; పరుని ప్రతిభ కళ్లెదుట మెరిసిన ముహూర్తాన అసూయ పుట్టకుండా, ఆత్మనింద పుట్టకుండా, తన పని ఏదో నిశ్చలంగా గుర్తించడం కష్టం. ఇతరుల ఔన్నత్యాన్ని చూసి కుంగిపోయేవారు కొందరు, దానిని అంగీకరించక జీవితమంతా వ్యర్థమైన పోరాటంలో గడిపేవారు మరికొందరు. ఆ రెండు దారులనూ విడిచి మూడవ దారి పట్టినవానికి మాత్రమే శిష్యుని ప్రతిభను చూసి నిష్కల్మషంగా సంతోషించే అర్హత కలుగుతుంది. తన గెలుపు మీద మమకారం చావని గురువు శిష్యుని గెలుపులో తన నీడను వెదుక్కుంటాడు.

ఆయన బోధ పద్ధతిలోని ప్రధాన సూత్రం ఇది: మనిషికి శరీరం ఇదివరకే ఎరిగినదానిని గుర్తుచేయడం. కర్రను ఏ కోణంలో ఎత్తాలి, ఏ క్షణాన మణికట్టు తిప్పాలి, బరువు ఏ పాదం మీదికి మరల్చాలి అన్న శాస్త్రచర్చతో ఆయన మొదలుపెట్టేవారు కాదు. పొడవాటి పిడి ఉన్న గడ్డికోత పనిముట్టును చేతికిచ్చి, కలుపు కోస్తున్నట్టు నెమ్మదిగా ఊపమనేవారు. నీళ్లు నిండిన బకెట్టును రెండు చేతులా పట్టుకొని, చుక్క తొణకకుండా ఇటునుంచి అటు ఊపుతున్నట్టు భావించమనేవారు. బంతిని కొట్టమనడానికి మారుగా, దాని కింద నేలకు గుచ్చిన చిన్న కొయ్యపుల్లను కోసేయమనేవారు. ఈ పనులలో ఏదీ ఎవరికీ కొత్త కాదు. గడ్డి కోసేవాడు తన భుజం ఎలా తిరుగుతోందో ఆలోచించడు. నీళ్లు మోసేవాడు తన మోచేతిని పరీక్షించుకోడు. సహజంగా ఉన్న లయను కృత్రిమమైన ఆలోచన కప్పివేసింది గనుక, ఆ కప్పును తొలగించడమే శిక్షకుని కర్తవ్యమని ఆయన భావించారు.

ధర్మోపదేశం చేసేవారందరూ ఇక్కడ కొంతసేపు ఆగి ఆలోచించాలి. సత్యం పలకవలెనని, పరుల సొత్తు ఆశించరాదని, వృద్ధులను ఆదరించవలెనని ఎరుగని మనిషి ఎక్కడున్నాడు? ఎరుగనివానికి చెప్పినట్టుగా ఎరిగినవానికి చెబితే, అతడు అవమానపడతాడు. లేదా వినీ విననట్టు ఊరుకుంటాడు. గుర్తుచేయడంలో వినయం ఉంది. ఎదుటివానిలో మంచి ఇదివరకే ఉన్నదన్న విశ్వాసం ఆ వినయానికి ఆధారం. ఆ విశ్వాసం లేని బోధ ఎంత శాస్త్రీయమైనా చెవి దాటి లోపలికి చేరదు.

మాటలో మితం ఆయన రెండవ వ్రతం. ఒక్క ఆస్ప్రిన్ మాత్ర వేసుకోమంటే సీసా అంతా మింగవద్దని ఆయన శిష్యులను హెచ్చరించేవారు. గోల్ఫ్‌లో చిన్న సవరణ పెద్ద ఫలితాన్నిస్తుంది. ఆ ఫలితాన్ని చూసి మురిసిన శిష్యుడు సవరణను రెట్టింపు చేస్తాడు. అంతటితో మేలు కాస్తా కీడవుతుంది. ఔషధానికి మోతాదు ఉన్నట్టే హితవచనానికీ ఉంటుందన్న సంగతి వైద్యునికి తెలుసు, గురువుకూ తెలిసి ఉండాలి, అయినా ఎంతమంది గురువులు పాటిస్తున్నారు? ఒక శిష్యునికి ఏ మాట చెప్పాలో, ఆ మాటను ఏ తీరున చెప్పాలో ఆయన రాత్రివేళ పడుకొని ఆలోచించేవారు. నిషేధవాక్యాలను వీలైనంతవరకు పరిహరించేవారు. ఇలా చేయవద్దు, అలా కొట్టవద్దు అని వారించడం కంటె, ఏమి చేయాలో ఒక్క ముక్కలో చెప్పడం మేలని ఆయన అనుభవం. వద్దన్న దాని రూపమే మనస్సులో నిలిచి, చేతిని అటే లాగుతుంది గదా. ఇంటిలో తల్లిదండ్రులు, బడిలో ఉపాధ్యాయులు, కార్యాలయంలో అధికారులు దినమంతా పలికే నిషేధాలను ఒకనాడు లెక్కించుకుంటే, పసివారి మనస్సులలో ఎన్ని వద్దులను చిత్రించి పెట్టామో తేటతెల్లమవుతుంది.

ఆయన శిష్యులలో టామ్ కైట్, బెన్ క్రెన్‌షా అనేవారు ఒకే నగరంలో, దాదాపు ఒకే వయస్సులో, ఒకే గురువు వద్ద పెరిగారు. కైట్ పరిశ్రమకు మారుపేరు. సాధనకు నియమించిన చోట గంటల తరబడి నిలబడగలడు. క్రెన్‌షా జన్మసిద్ధమైన లయ గలవాడు. బాల్యం నుంచీ గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించే పటింగ్ అనే విద్యలో అతనికి సాటి అరుదు. ఒకరికి సాధన చేయమని చెప్పిన గురువే రెండవవానికి సాధనశాల విడిచి మైదానంలోకి వెళ్లి ఆడుకోమని చెప్పారు. ఎక్కువ సాధన చేస్తే సహజంగా ఉన్నది చెదిరిపోతుందేమోనని ఆయన శంక. ఇద్దరిలో ఒకరికి పాఠం చెబుతున్నప్పుడు రెండవవాడు చూడడానికి ఆయన అంగీకరించలేదు. ఒకనికి అమృతమైన మాట మరొకనికి అమృతం కావాలన్న నియమం లేదు. 1972లో అమెరికా కళాశాలల జాతీయ పోటీలో ఆ ఇద్దరూ సమానంగా నిలిచి వ్యక్తిగత విజేతలుగా ఆ గౌరవాన్ని పంచుకున్నారు. అనంతరం వృత్తి క్రీడాకారులై, అమెరికా ప్రధాన పర్యటన అయిన పీజీఏ టూర్‌లో కైట్ 19 విజయాలు సాధించాడు. క్రెన్‌షా సాధించినవీ 19. విధి వేసిన ఈ లెక్కను చూసి గురువు మనస్సు ఎంత ప్రశాంతి పొందిందో ఊహించవచ్చు.

భారతకథలో ద్రోణాచార్యుడు అర్జునునితో, లోకంలో నిన్ను మించిన విలుకాడు ఉండడని మాట ఇచ్చాడు. ప్రేమతో ఇచ్చిన మాటే. ఆ మాట నిలుపుకోవడానికి అడవిలో ఒంటరిగా నేర్చుకున్న ఏకలవ్యుని బొటనవేలు పోయింది. శిష్యులను ఒకరితో ఒకరిని పోల్చే గురువు ఎక్కడో ఒకచోట ఒక బొటనవేలును కోయక తప్పదని ఆ కథ యుగయుగాలుగా హెచ్చరిస్తూనే ఉంది; మనం దానిని గురుభక్తి కథగా మాత్రమే చెప్పుకొని సరిపెట్టుకున్నాం. గోల్ఫ్‌లోనూ విద్యకు మూలం బొటనవేళ్లు కర్ర మీద నిలిచే తీరే. పట్టు సరిగా లేనివానికి తక్కినదేదీ సరిగా రాదని పెనిక్ దృఢవిశ్వాసం. దాదాపు ప్రతి శిష్యుని చికిత్సా అక్కడినుంచే ఆరంభమయ్యేది. న్యూ మెక్సికో రాష్ట్రంలోని జాల్ అనే చిన్న ఊరినుంచి తల్లి వెంట కారులో దూరప్రయాణం చేసి వచ్చిన కాథీ విట్‌వర్త్ అనే బాలికకు, తాను చెప్పినట్టు చేస్తేనే ఉపకరించగలనని మృదువుగానే, నిష్కర్షగానే తెలియజేశారు. మృదువైన స్వభావం గలవానికి దృఢత్వం ఉండదని లోకం అనుకుంటుంది. మితంగా మాట్లాడేవాని ఒక్క మాటకు ఎంత బరువుంటుందో ఆ బాలిక గ్రహించింది. ఆమె కాలక్రమాన మహిళల వృత్తిక్రీడలో 88 విజయాలు సాధించింది. భౌతికశాస్త్రం చదివిన బెట్సీ రాల్స్, 82 విజయాల మికీ రైట్ కూడా ఆయన మాట విన్నవారే. ఆడపిల్లల ఆటను సమాజం గంభీరంగా తీసుకోని రోజులలో కూడా ఆయన వారికి వేరు కొలత పెట్టలేదు.

ఇంకొక సంగతి దాచనక్కరలేదు. ఆనాటి అమెరికా దక్షిణప్రాంతపు గోల్ఫ్ క్లబ్బులు ధనికుల విడుదులు. నల్లజాతివారు వాటిలోకి సంచులు మోసేవారుగా ప్రవేశించగలిగారు గాని సభ్యులుగా కాదు. ఒక మంచి మనిషి జీవితం తాను నిలిచిన వ్యవస్థలోని అన్యాయాన్ని చెరిపివేయదు, ఆ అన్యాయం ఆ మనిషి గుణాన్నీ చెరిపివేయదు. రెండింటినీ ఒకేసారి చూడగలగడం వివేకం.

ఆయన వేసిన బాట గుంట నుంచి వెనుకకు నడిచేది. దూరంగా, బలంగా కొట్టాలన్న మోజుతో వచ్చేవారే ఎక్కువ. ఆయన మాత్రం మొదట గుంట పక్కనుంచి బంతిని దొర్లించడం, తరువాత కొంచెం దూరం నుంచి మెల్లగా ఎత్తి వేయడం, చివరకు ఆరంభస్థానం నుంచి పూర్తిదెబ్బ కొట్టడం అన్న క్రమంలో నేర్పాలని బోధించారు. ఆటలో త్వరగా బాగుపడదలచినవారు రెండు వారాలపాటు తమ సాధనలో 90 శాతం సమయాన్ని గుంట సమీపంలోని చిన్న దెబ్బలకే వినియోగించాలని సలహా ఇచ్చారు. దూరం వెళ్లే దెబ్బను చూసి ప్రేక్షకులు హర్షధ్వానం చేస్తారు. అయితే రెండు వందల గజాల దెబ్బా ఒక్కటే, రెండడుగుల దెబ్బా ఒక్కటే అని లెక్కపుస్తకం చెబుతుంది. గృహస్థ జీవితంలోనూ ఘనకార్యాల కోసం ఉవ్విళ్లూరుతూ, దినదినం ఎదురయ్యే రెండడుగుల కర్తవ్యాలను ఉపేక్షించేవారు కొల్లలు.

లక్ష్యం విషయంలో ఆయన ఉపదేశం ప్రసిద్ధం. బంతి వద్ద నిలిచిన తరువాత పట్టు గురించీ, భుజం గురించీ, తన గురించీ మరచి, చేరవలసిన చోటు మీదనే సర్వచిత్తాన్నీ నిలపమన్నారు. ఇది తెలుగునేలపై పుట్టినవారికి వింత కాదు. చెట్టుకొమ్మపై పక్షికన్ను తప్ప అన్యం కనబడని విలుకాని కథ ఉగ్గుపాలతోనే తాగుతాం. అయితే ఆ కథలో లక్ష్యశుద్ధిని మెచ్చుకొని, దాని అవతలి సగాన్ని వదిలేస్తాం. బాణం వింటిని విడిచాక, బంతి కర్రను విడిచాక, కర్తకు దాని మీద అధికారం లేదు. గాలి మళ్లించవచ్చు, మన్నులోని చిన్న గులక దారి తప్పించవచ్చు, అన్యాయంగా తోచే చోట అది ఆగవచ్చు. అప్పుడు మిగిలిన కర్తవ్యం ఒక్కటే: అది ఎక్కడ ఆగిందో అక్కడికి నడిచి వెళ్లి, అది ఎలా ఉన్నదో అలాగే తిరిగి ఆడడం. ఈ క్రీడ మూలనియమమూ అదే. చేతిలో ఉన్నంతవరకు సంపూర్ణ శ్రద్ధ, చేయిదాటిన తరువాత సంపూర్ణ విరక్తి. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే దినాన పదులసార్లు ఉదయించి అస్తమించాలని కోరే ఆట మరొకటి అరుదు.

1920ల నాటినుంచి ఆయన ఒక ఎర్రని నోటుపుస్తకంలో తాను గమనించిన సంగతులను రాసుకుంటూ వచ్చారు. ఏ మాటకు ఏ శిష్యుడు బాగుపడ్డాడో, ఏ సలహా కాలపరీక్షకు నిలిచిందో, నిలిచినవి మాత్రమే అందులో చోటు చేసుకున్నాయి. ఆరు దశాబ్దాలకు పైగా ఆ పుస్తకాన్ని కుమారుడు తప్ప అన్యులు చూడలేదు. వృద్ధాప్యంలో ఆయన మనస్సులో ఒక ప్రశ్న పుట్టింది: ఇంతకాలం కూడబెట్టినది దాచుకోవడం సరియైనదేనా? ఇంత దీర్ఘాయువు లభించింది దీనిని ఇతరులకు అందించడానికే కాదా? ఆ ప్రశ్న ఫలితంగా, ఆస్టిన్‌లోనే నివసించే రచయిత బడ్ శ్రేక్‌ను పిలిచి ఆ నోటుపుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టారు. 1992లో 'లిటిల్ రెడ్ బుక్' అన్న పేరుతో వెలువడిన ఆ గ్రంథం పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయి, క్రీడాగ్రంథాలలో అత్యధికంగా చదివినవాటిలో ఒకటయింది. మితం పాటించడం లోభం కాదు. దాచినది పక్వమయ్యేవరకు ఆగి, పక్వమయ్యాక ఇచ్చివేయడం కూడా మితంలో అంతర్భాగమే. వేళకు ముందే వెదజల్లేవాడు, వేళ దాటినా పట్టుకు వేలాడేవాడు, ఇద్దరూ ఒకే దోషానికి పాత్రులు.

ఆ గ్రంథం గురించి శ్రేక్ చెప్పిన ఒక వృత్తాంతం ఉంది. ప్రచురణకర్తలు 90 వేల డాలర్లకు అంగీకరించారని ఆయన ఫోను చేసి పెనిక్‌కు కబురందించాడు. మరునాడు కలిసినప్పుడు ఆ వృద్ధుడు దిగులుగా, ఇంత డబ్బు సమకూర్చడం తన వల్ల కాదేమోనని అన్నారట. పుస్తకం అచ్చువేయడానికి తానే ఆ మొత్తం చెల్లించాలని ఆయన భావించారు! డెబ్బై ఏళ్ల పైబడిన అనుభవసారానికి లోకమే ఎదురు మూల్యం చెల్లిస్తుందన్న తలంపు కూడా రాని మనస్సు అది. ఈ వృత్తాంతాన్ని విని నవ్వుకోవడం సహజమే. నవ్విన పిమ్మట, మన కూడళ్లలో శిష్యుల ర్యాంకులను ఆకాశమంత ఎత్తున వేలాడదీసి, ఆ పసిముఖాలను తమ వ్యాపారానికి ధ్వజపతాకలుగా చేసుకున్న విద్యాసంస్థలను ఒకసారి స్మరించుకోవడం కూడా ఉచితం. ఆ బోర్డుల మీద కనబడని పిల్లలు ఎంతమందో, వారికి ఎవరు ఏ మాట చెప్పారో అడిగేవారు లేరు.

1995 వసంతంలో ఆయన శయ్యాగతులయ్యారు. కడసారి చూపుకు వచ్చిన క్రెన్‌షాతో, పట్టరు అనే ఒక పాత పటింగ్ కర్రను తెప్పించి, మంచం పక్కనే పటింగ్ చేసి చూపించమన్నారు. చూసి చెప్పినవి రెండు మూడు మాటలే: ముందుగా చక్కగా ఊపి చూసుకోమని, కర్ర తలను చేతులను దాటి పోనీయవద్దని, ఆపై తనను తాను నమ్మమని. మరణశయ్య మీద ఉన్నవానికి చెప్పవలసినది ఎంతో ఉంటుందని మనం ఊహిస్తాం. ఆయన మోతాదు అప్పుడూ మారలేదు. ఏప్రిల్ 2వ తేదీ ఆదివారం నాడు తొంభయ్యో ఏట ఆయన పరమపదించారు. ఆ బుధవారం ఆస్టిన్‌లో అంత్యక్రియలు జరిగాయి; జార్జియా రాష్ట్రంలోని ఆగస్టాలో మాస్టర్స్ అనే ప్రసిద్ధ పోటీకి సిద్ధమవుతున్న కైట్, క్రెన్‌షా ఇద్దరూ విమానంలో వచ్చి గురువు శవపేటికకు భుజం పట్టి, తిరిగి వెళ్లారు. మరునాడే పోటీ ఆరంభం.

ఆ వారం మొదట్లో క్రెన్‌షా ఆట ఏమంత ఆశాజనకంగా లేదు. ఆగస్టాలో ఎన్నో ఏళ్లుగా అతని సంచి మోస్తూ వచ్చిన కార్ల్ జాక్సన్ అనే నల్లజాతి క్యాడీ అతని సాధనను గమనించి, బంతిని నిలిపే స్థానంలో కొంచెం మార్పు, భుజాలు తిరిగే తీరులో కొంచెం మార్పు చెప్పాడు. అంతటితో ఆగాడు. గురువు ఒకనాడు మోసిన సంచినే మోస్తున్న మనిషి నోట, గురువు పాటించిన మితమే తిరిగి పలికింది. ఏప్రిల్ 9వ తేదీ ఆదివారం నాడు, 43 ఏళ్ల వయస్సులో, ఒక్క దెబ్బ తేడాతో క్రెన్‌షా మాస్టర్స్ గెలిచాడు. చివరి బంతి గుంటలో పడగానే వంగి ముఖం కప్పుకొని విలపించాడు. జాక్సన్ వచ్చి అతని భుజాల మీద చేతులు వేసి నిలబడ్డాడు. ఆటలో పద్నాలుగు కర్రలకు మించి ఉంచుకోరాదన్నది నియమం. ఆ వారం తన సంచిలో పదిహేనవది కూడా ఉందని, అది హార్వీ పెనిక్ అని అతడు చెప్పుకున్నాడు.

ఈ కథను చెప్పేవారందరూ ఇక్కడితో ముగిస్తారు. అయితే ఆ శవపేటికకే భుజం పట్టిన కైట్ ఆ పోటీ గెలవలేదు. అతనికి అందిన బోధ తక్కువదా? గురువు పట్ల అతని దుఃఖం కొరవడిందా? విజయాన్ని గురుకృపకు నిదర్శనంగా చూపే మనుష్యులు పరాజయాన్ని దేనికి నిదర్శనంగా చూపుతారో చెప్పాలి. ఇక గెలిచిన క్రెన్‌షాకు కూడా పీజీఏ టూర్‌లో అదే కట్టకడపటి విజయం. ఆ తరువాత ఎన్నేళ్లు ఆడినా మరొకటి దక్కలేదు. దేహబలం, లయ, చూపు, అన్నీ కాలాధీనాలు. 2002లో పెనిక్ పేరు ప్రపంచ గోల్ఫ్ కీర్తిమందిరంలో చేరింది, శిష్యుడైన క్రెన్‌షా పేరు కూడా అదే ఏట చేరింది. శిలాఫలకాలు కూడా కాలాధీనాలే.

ఆ మందిరాలలో ఎక్కడా కనబడని శిష్యులు ఆయనకు వేలమంది ఉన్నారు. బంతిని ఒక్కసారైనా గాలిలోకి లేపాలన్నంత చిన్న కోరికతో వచ్చిన గృహిణులు, వారాంతంలో మిత్రుల ఎదుట సిగ్గుపడకుండా ఆడాలనుకొన్న ఉద్యోగులు, ఎవరో చెబితే వచ్చి ఒక్క పాఠంతో వెళ్లిపోయినవారు. వారిలో ఒకరి బంతి తిన్నగా ఎగిరినప్పుడు కలిగే సంతోషం, విజేతల గెలుపు వార్త విన్నప్పుడు కలిగే సంతోషానికి తీసిపోదని ఆయన భావించారు. తన రెండవ పుస్తకానికి 1993లో ఆయన పెట్టిన పేరు, గోల్ఫ్ ఆడే ప్రతి ఒక్కరూ తన మిత్రులేనని చెబుతుంది. బాగా ఆడాలన్న షరతు ఆ పేరులో లేదు.